గొర్రె పాలు చిక్కబడితే బలం పెరిగినట్టేనా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గరి పల్లె. నలభై నెల్లూరు గొర్రెలున్నాయి. ఎక్కువ భాగం సంక్రాంతికి ముందు ఈనుతాయి, కొన్ని ఆషాఢంలో ఈనుతాయి. గొర్రెపిల్లలకు సరిపోగా మిగిలిన పాలు ఇంట్లోకి పితుక్కుంటాము. ఎండాకాలంలో ఆ పాలు చాలా చిక్కగా, వానాకాలంలో పలచగా ఉంటాయి. ఎండాకాలపు పాలే బలమని మా అవ్వ అంటుంది, పొదుగు దగ్గరే పచ్చిగా తాగుతుంది కూడా. మేపు మారిస్తే ఏడాది పొడవునా చిక్కటి పాలు వస్తాయా? మా అక్క బిడ్డకు ఎనిమిది నెలలు, ఆ పాపకు ఈ పాలు పట్టవచ్చునా? మంచి ధర పలుకుతుందని ఒకరు చెప్పారు, అమ్ముకోవచ్చునా? ఒక గొర్రెకు పొదుగు ఒక పక్క గట్టిగా ఉంది, పిల్ల ఆ చన్నును నోట పెట్టడం లేదు. దాని పాలు కూడా వాడుతున్నాము.

సమాధానం: పొదుగు గట్టిపడిన గొర్రెను వాయిదా వేయకుండా ఈ రోజే మీ పశువైద్యునికి చూపించండి, దాని పాలు వాడటం మానండి. కారణం చివరలో చెబుతాను. పాప సంగతి కూడా ఆగేది కాదు కాబట్టి దానికి ముందు జవాబు రాస్తున్నాను.

ఎనిమిది నెలల బిడ్డకు గొర్రె పాలు పట్టవద్దు. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు మాంసకృత్తులు ఇంచుమించు ఒక గ్రాము ఉంటే, గొర్రె పాలలో ఐదు గ్రాములకు పైగా ఉంటాయి. ఖనిజ లవణాలు కూడా తల్లిపాల కంటే నాలుగింతలు. మంచి పాలు దొరికిన గొర్రెపిల్ల నెల తిరగకుండానే పుట్టినప్పటి బరువుకు రెట్టింపవుతుంది, మనిషి బిడ్డకు అంత పెరగడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆ వేగానికి అమరిన పాలను లేత మూత్రపిండాల మీద మోపడం మంచిది కాదు. నీళ్లు కలిపి పలచన చేస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు, ఎందుకంటే అప్పటికే తక్కువగా ఉన్న ఇనుము అందులో ఇంకా తగ్గిపోతుంది, కలిపిన నీళ్లు ఎలాంటివన్న చిక్కు అదనంగా వస్తుంది. తల్లిపాలతో పాటు మెత్తగా చిదిమిన అన్నం, పప్పు, రాగి జావ ఆ వయసుకు తగినవి. తల్లిపాలు చాలడం లేదనిపిస్తే పిల్లల డాక్టరును అడగాలి. ఆవు పాలు పడని బిడ్డకు గొర్రె పాలు పడతాయని కొందరు చెప్పే మాటను కూడా నమ్మవద్దు. రెండింటి మాంసకృత్తులూ దగ్గరి చుట్టాలే గనుక ఒకటి పడనివారికి రెండోది కూడా పడకపోవడమే ఎక్కువ. పాలచక్కెర అరగనివారికి కూడా ఈ పాల వల్ల ఒరిగేది లేదు, ఆ చక్కెర రెండింటిలోనూ దాదాపు ఒకే పాళ్లలో ఉంటుంది.

అవ్వ గారికి మాత్రం గొర్రె పాలు తాగవద్దని నేను చెప్పను, పచ్చిగా తాగవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మందలో చూడి గొర్రెలు చివరి నెలల్లో ఈసుకుపోతుంటే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉందేమోనని అనుమానించాలి. అది పాల ద్వారా మనిషికి చేరి, తగ్గుతూ మళ్లీ వస్తూ ఉండే జ్వరాన్నీ, చెమటలనూ, కీళ్ల నొప్పులనూ నెలల తరబడి తెచ్చిపెడుతుంది. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ ఆ జీవిని గుర్తించాడు, అందుకే ఆ జబ్బును మాల్టా జ్వరమని కూడా అంటారు. పాలు ఒక్క పొంగు వచ్చేదాకా కాగితే అది చస్తుంది. కాచినందువల్ల కాల్షియానికీ మాంసకృత్తులకూ చెప్పుకోదగ్గ నష్టం ఉండదు, కొన్ని విటమిన్లు కొద్దిగా తగ్గుతాయంతే.

ఇక మీ అసలు ప్రశ్న. గొర్రె పాలు ఏ కాలంలోనైనా చిక్కనివే. లోకంలో పాడి కోసం పెంచే గొర్రెల సగటులు చూస్తే వెన్న 6 నుంచి 7.5 శాతం, మాంసకృత్తులు 5 నుంచి 6 శాతం, పాలచక్కెర 5 శాతానికి కాస్త తక్కువ, అన్నీ కలిపి ఘనపదార్థాలు 18 శాతం దాకా ఉంటాయి. ఆవు పాలలో అవి 12, 13 శాతం. గేదె పాలు, మన వైపు మాటలో ఎనుము పాలు, వెన్నలో గొర్రె పాలకు సాటి వస్తాయి గాని మాంసకృత్తుల్లో వెనకబడతాయి. 100 గ్రాముల గొర్రె పాలలో కాల్షియం 190 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, ఆవు పాలలో 120 దగ్గర. మేక పాలలో బాగా తక్కువగా ఉండే ఫోలేట్, బి12 అనే విటమిన్లు గొర్రె పాలలో చాలినంత ఉంటాయి. మేత నుంచి వచ్చే పసుపు రంగు పదార్థాన్ని గొర్రె పూర్తిగా విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, కనుక దాని పాలకు, వెన్నకు ఆవు వెన్న ఛాయ ఉండదు. తెల్లగా ఉన్నంత మాత్రాన అందులో విటమిన్ లేదనుకోనక్కరలేదు.

అయితే ఇవన్నీ సగటులు. ఒకే గొర్రె పాలలో వెన్న ఒక నెలకూ ఇంకో నెలకూ, ఒకే పూట తొలి ధారకూ చివరి ధారకూ కూడా ఎంతో తేడాగా ఉంటుంది. మీరు చూసిన తేడాకు కాలమే కారణమని మీ ఇంటివారు అనుకుంటున్నారు. మీరు రాసిన ఈత నెలలను పక్కన పెట్టుకుని చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తోంది. సంక్రాంతికి ముందు ఈనిన గొర్రె చైత్ర వైశాఖాలకు పాడి చివరికి వస్తుంది. ఆషాఢంలో ఈనినది శ్రావణంలో పచ్చి బాలింత. అంటే మీరు ఎండాకాలపు పాలనూ వానాకాలపు పాలనూ పోల్చడం లేదు, వట్టిపోబోతున్న గొర్రె పాలను కొత్తగా ఈనిన గొర్రె పాలతో పోలుస్తున్నారు.

ఈనిన మొదటి రెండు మూడు రోజుల జున్నుపాలు అన్నిటికన్నా చిక్కనివి. అవి పిల్లకు రోగనిరోధక శక్తినిచ్చేవి కనుక వాటి జోలికి మనం పోకూడదు, పుట్టిన గంట రెండు గంటల్లోనే పిల్ల కడుపులో పడాలి. ఆ తర్వాత పాలు పెరుగుతూ మూడు నుంచి ఐదు వారాల మధ్య గరిష్ఠానికి చేరతాయి, అప్పుడే వెన్న, మాంసకృత్తుల శాతం అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి పాలు తగ్గే కొద్దీ శాతాలు పెరుగుతాయి. పొదుగులోకి నీటిని లాగేది పాలచక్కెర. గొర్రె ఆ చక్కెరను తక్కువగా తయారు చేసిన రోజున నీరు తక్కువగా చేరుతుంది, తక్కిన పదార్థం చిన్న గిన్నెలో ఇమిడి చిక్కగా కనిపిస్తుంది. లెక్క కోసం, బాలింత గొర్రె రోజుకు 800 మిల్లీలీటర్ల పాలు 6 శాతం వెన్నతో ఇచ్చిందనుకుంటే అది 48 గ్రాముల వెన్న. అదే గొర్రె నాలుగో నెలలో 200 మిల్లీలీటర్లు 9 శాతంతో ఇస్తే 18 గ్రాములే. గ్లాసులో చూస్తే రెండోది బలంగా ఉంటుంది, పిల్ల కడుపు నుంచి చూస్తే మొదటిదే బలం.

రెండో కారణం పాలు చేపడం, అంటే పొదుగు పాలను కిందికి వదలడం. పాడి కోసం తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన గొర్రెల పొదుగులో పాలు నిలవ ఉండే గది పెద్దది, మాంసం కోసం పెంచే మన నెల్లూరు గొర్రెకు ఆ గది చిన్నది. గదిలోకి దిగిన పాలు పలచన, వెన్న ఎక్కువ భాగం పైనున్న సన్నని సంచుల్లోనే అంటిపెట్టుకుని ఉంటుంది, పిల్ల మూతితో పొడిచినప్పుడు తల్లి శరీరంలో ఊరే ఆక్సిటోసిన్ అనే హార్మోను ఆ సంచులను బిగిస్తే తప్ప కిందికి రాదు. పిల్ల ఉన్న గొర్రె మన చేతికి సులభంగా చేపదు, వెన్న పాలను పిల్ల కోసం అట్టే పెట్టుకుంటుంది. వానాకాలంలో మీరు పితికేటప్పటికి పిల్లలు ఇంకా తల్లి వెంటే ఉన్నాయి, ఎండాకాలంలో విడిపోయాయి. వానాకాలపు పాల పలచదనంలో కొంత భాగం దీనిదే.

ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. పిల్లను ఒక్క నిమిషం చీకనిచ్చి పక్కకు తీసి, అదే గొర్రెను పితికి, మొదటి పది ధారలు ఒక గ్లాసులోకి, చివరి పది ధారలు మరో గ్లాసులోకి పట్టండి. గొర్రె పాలలో వెన్న బిందువులు చిన్నవి, ఆవు పాలలోలా తొందరగా పైకి గుంపు కట్టవు, కాబట్టి పచ్చిపాలను చూసి లాభం లేదు. రెండింటినీ విడివిడిగా కాచి చల్లార్చి మీగడను పుల్లతో పైకెత్తండి. మొదటి గ్లాసు మీద అది తడి కాగితంలా చిరిగిపోతుంది, రెండో గ్లాసు మీద మడత పడి పుల్లకు వేలాడుతుంది. గొర్రె ఒకటే, మేత ఒకటే, పూట కూడా ఒకటే.

మూడో కారణం కొంచెం బాధపెట్టేది. వేసవిలో మేపు చాలనప్పుడు పాలిచ్చే గొర్రె తన ఒంట్లోని కొవ్వును కరిగించి పాలలోకి పంపుతుంది, అందువల్ల పాలు తగ్గుతాయి, వెన్న శాతం పెరుగుతుంది. అదే సమయంలో శక్తి చాలక మాంసకృత్తుల శాతం పడిపోతుంది. చూపుకు చిక్కగా, తాగడానికి కమ్మగా ఉన్న ఆ పాలు నిజానికి గొర్రె వెన్ను నుంచి దిగుతున్నాయి. మీ మందలో ఇది జరుగుతోందా లేదా అన్నది చూడటానికి పరికరం అక్కరలేదు. గొర్రెను నిలబెట్టి చివరి పక్కటెముక వెనుక, వెన్ను మీద అరచేయి ఆనించి వేళ్లతో రెండు పక్కలా నొక్కండి. వెన్నెముక ముళ్లు దువ్వెన పళ్లలా విడివిడిగా తగిలి, పక్క ఎముకల అంచుల కిందికి వేళ్లు సులభంగా దూరుతుంటే అది కరిగిపోయిన గొర్రె. ముళ్లు గుండ్రంగా తగిలి, అంచులు గట్టిగా నొక్కితే తప్ప తెలియకపోతే దాని పాల చిక్కదనం పాడి చివరి చిక్కదనమే, బెంగ లేదు. పడమటి మండలాల్లో పనిచేసిన రోజుల్లో, పాలు చిక్కగా వస్తున్నాయని సంబరపడే ఇళ్లలో వెన్ను మీద చేయి వేసి చూసి నేను నోరు మూసుకున్న సందర్భాలు ఒకటి రెండు కావు. అలాంటి గొర్రెను పితకడం ఆపి దాణా పెట్టాలని మొదట చెప్పలేక, తర్వాత చెప్పక తప్పక చెప్పేవాణ్ణి.

అందుచేత ఏడాది పొడవునా చిక్కటి పాలు రావాలని మేపు మార్చడం నా దృష్టిలో సరైన కోరిక కాదు. పాలు ఎక్కువ రావాలి, ఆ పాలలో మంచి కొవ్వు, మంచి మాంసకృత్తులు, విటమిన్లు ఉండాలి అన్నది సరైన కోరిక. మేత మీద వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడేది కొవ్వు స్వభావం. మాంసకృత్తుల శాతాన్ని మేతతో పెంచడం కష్టం, నూనె తీసిన చెక్క ఎంత పెట్టినా అవసరానికి మించినది యూరియాగా పాలలోకీ మూత్రంలోకీ పోతుంది. పాలచక్కెర మేతకు ఇంచుమించు లొంగదు. కొవ్వు మాత్రం గొర్రె నిన్న ఏం తిన్నదో చెబుతుంది.

పచ్చి గడ్డి, చెట్ల ఆకులు తిన్న గొర్రె పాలలో ఒమేగా-3 కొవ్వులు, గుండెకు మేలు చేస్తాయని చెప్పే లినోలిక్ ఆమ్లపు ఒక రూపం, విటమిన్ ఇ, విటమిన్ ఎ ఎక్కువ. ఎండు గడ్డి, దాణాల మీదే ఉంటే ఇవి తగ్గుతాయి, వెన్న శాతం మారకపోయినా సరే. అంటే మీరు పలచనివని చిన్నచూపు చూస్తున్న శ్రావణ భాద్రపదాల పాలలోనే, బీళ్లలో పచ్చగడ్డి మేసిన గొర్రె పాలలోనే, ఆ సుగుణాలు ఎక్కువ. అవ్వ గారి మాటతో నాకు పేచీ ఉన్నది ఇక్కడే.

మీ ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది, పట్టుపురుగుల పెంపకం. పురుగులు తినగా మిగిలిన మల్బరీ ఆకు, లేత కొమ్మలు పాలిచ్చే గొర్రెకు మంచి మేత. మాంసకృత్తులు ఎక్కువ, అరుగుదల సులభం. సున్నం, బ్లీచింగ్ పొడి చల్లిన గదుల నుంచి ఊడ్చి తెచ్చిన చెత్తను మాత్రం పెట్టకండి, తట్టల పైనుంచి శుభ్రంగా ఏరిన ఆకునే తెచ్చుకోండి. అవిశె, దశరథ గడ్డి గట్ల మీద వేసుకోవచ్చు. సుబాబుల్ మంచిదే గాని అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది, మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. ముప్పై కిలోల చిల్లర బరువున్న బాలింత గొర్రెకు మేపుతో పాటు రోజుకు పావుకిలో దాణా, అందులో తవుడు, చెక్క, రాగి లేదా మొక్కజొన్న నూక, చిటికెడు ఉప్పు, ఖనిజ మిశ్రమం ఉంటే చాలు. ఈనడానికి ముందరి నెలన్నర నుంచే దాణా మొదలుపెట్టాలి. పిల్ల కడుపులో ఎక్కువగా పెరిగేదీ, పొదుగు తయారయ్యేదీ ఆ రోజుల్లోనే. ఈనిన తర్వాత ఎంత పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు.

వేరుశనగ చెక్క విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మన జిల్లాలో వానాకాలపు వేరుశనగ పీకి కట్టెను వామి వేసే సమయానికి ఈశాన్య వానలు దిగుతాయి. ముసురులో తడిసిన కట్టె మీద, బాగా ఆరని కాయల మీద, చెమ్మ గదిలో పెట్టిన చెక్క మీద పసుపుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు చేసే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు వేల సంఖ్యలో చచ్చిపోయినప్పుడు కారణం వెదికితే బూజు పట్టిన వేరుశనగ చెక్క బయటపడింది, ఆ విషం సంగతి లోకానికి తెలిసింది అప్పుడే. గొర్రె తిన్న ఒక రోజులోపే అది మరో రూపంలో పాలలోకి వస్తుంది, పాలు కాచినా పోదు. బూజు మేత ఆపేస్తే కొద్ది రోజుల్లోనే పాలు తేరుకుంటాయి. చెక్క విరిచి వాసన చూడండి. మగ్గిన వాసన, విరిచిన చోట పచ్చని చార కనిపిస్తే ఎండబెట్టి వాడదామన్న ఆలోచన మానుకుని ఎరువుగుంతలో వేయండి. ఆ చెక్క ఖరీదు కంటే కాలేయం ఖరీదు ఎక్కువ.

పెళ్లిళ్ల సీజన్లో మిగిలిన అన్నం తెచ్చి మందకు పోసే అలవాటు మీకు లేకపోతే సంతోషం. ఒక వైశాఖంలో తెల్లవారుజామున నన్ను పిలిస్తే వెళ్లాను. చింతచెట్టు కింద ఐదు గొర్రెలు పళ్లు కొరుకుతూ, ఎడమ డొక్క ఉబ్బి, కాళ్లు బారజాపి పడి ఉన్నాయి. పక్కన రేకు తొట్టిలో ముందురోజు కల్యాణమండపం నుంచి తెచ్చిన తెల్ల అన్నం ఇంకా అడుగున అంటుకుని ఉంది. అంత పిండిపదార్థం ఒక్కసారిగా మొదటి పొట్టలో పడితే పులిసి ఆమ్లం తయారవుతుంది. ఎక్కువైతే ప్రాణం తీస్తుంది, కొద్దిగా అయితే పాలలో వెన్న పడిపోతుంది. గొర్రె పాలలో వెన్న తయారు కావడానికి కావలసిన ముడిసరుకులో పెద్ద భాగం పీచు పులియగా వచ్చే ఆమ్లాల నుంచి వస్తుంది, పీచు లేని కడుపు నుంచి వెన్న రాదు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తోతాపురి తొక్కలకు కూడా ఇదే నియమం. ఎండుగడ్డి కడుపు నిండా తిన్న తర్వాత కొద్దికొద్దిగా అలవాటు చేస్తే మేత, ఆకలి కడుపున బుట్టెడు పోస్తే రోగం.

ఎండ కూడా పాలను తినేస్తుంది. ఒళ్లు వేడెక్కిన గొర్రె మేయదు, రొప్పుతుంది, ఆ రొప్పడానికే శక్తి ఖర్చవుతుంది. పాలు, వెన్న, మాంసకృత్తులు మూడూ దెబ్బతింటాయి. ఏప్రిల్, మే నెలల్లో మందను తెల్లవారకముందే తోలి పదింటికి చెట్టు నీడకు చేర్చి, మళ్లీ నాలుగింటికి విప్పడం మన కాపరులకు ఎవరూ నేర్పనక్కరలేదు. నీళ్ల విషయంలోనే అశ్రద్ధ కనిపిస్తుంది. పాలిచ్చే గొర్రెకు వేసవిలో రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు కావాలి, అవి నీడలో ఉండాలి. ఎండకు కాగిన సిమెంటు తొట్టిలోని నీళ్లను గొర్రె మూతి తడుపుకుని వదిలేస్తుంది.

జాతి, వయసుల గురించి పొడవుగా చెప్పనక్కరలేదు. మూడు, నాలుగో ఈతలో పాలు ఎక్కువ, తొలిచూలు గొర్రెకు తక్కువ. కవల పిల్లల తల్లి ఒంటి పిల్ల తల్లి కంటే ఎక్కువ పాలిస్తుంది. నెల్లూరు గొర్రెలో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలున్నా వాటిని తరాల పాటు ఎంచుకున్నది ఎత్తు కోసం, మాంసం కోసమే గాని పాడి కోసం కాదు. ఫ్రాన్సులో రోక్‌ఫోర్ట్ జున్ను తయారయ్యే లాకోన్ గొర్రెతోనో, పశ్చిమాసియా అవాసీ గొర్రెతోనో దీన్ని పోల్చి చిన్నబుచ్చుకోనక్కరలేదు. మీ ఊరి పక్కనే పలమనేరు పశు పరిశోధన స్థానం ఉంది. పుంగనూరు ఆవులతో పాటు నెల్లూరు గొర్రెల మీద కూడా అక్కడ పని జరుగుతుంది, మంచి పొట్టేలు కోసం అక్కడ అడగండి.

అమ్మకం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వద్దు. మీ దగ్గర ఒక గొర్రె పాలకు విలువ కట్టవలసింది గ్లాసులో కాదు, పిల్ల బరువులో. పిల్ల ఒక కిలో పెరగడానికి ఇంచుమించు ఐదు లీటర్ల తల్లిపాలు పడతాయి. ఆ ఐదు లీటర్లకు మీకు వచ్చే ధర, ఆ కిలో బరువుకు సంతలో పలికే ధర, పితకడానికి పట్టే మనిషి పొద్దు, మూడూ ఒక కాగితం మీద రాసుకుని చూడండి. అయినా అమ్మాలనిపిస్తే పిల్లలు రెండున్నర, మూడు నెలలు దాటి మేతకు అలవాటు పడిన తర్వాతే. పాలకేంద్రంలో లాక్టోమీటరు పెట్టి తేల్చిన అంకెను చూసి కంగారుపడవద్దు, ఆ గాజుబుడ్డి ఆవు, గేదె పాలకు అలవాటు పడినది. వెన్న పాలను తేలిక చేస్తుంది, తక్కిన ఘనపదార్థాలు బరువు చేస్తాయి. గొర్రె పాలలో రెండూ ఎక్కువ కాబట్టి అది చెప్పే అంకెతో నాణ్యత తేలదు.

ఇంట్లో వాడుకునే పాలకు రెండు మూడు జాగ్రత్తలు చాలు. స్టీలు గిన్నెలోనే పితకండి. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో లోహం తగిలి వెన్న చెడి వాసన వస్తుంది. ఎండలో పెడితే రైబోఫ్లేవిన్ అనే బి విటమిన్ పోతుంది. మందలో పొట్టేలు కలిసి తిరిగే రోజుల్లో పితికిన వెంటనే పాలు మూతపెట్టి అక్కడి నుంచి తీసేయకపోతే ఆ వాసన పాలు పట్టుకుంటాయి, మీ అవ్వకు కూడా అది తెలిసే ఉంటుంది. మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి అడుగంటుతాయి, సన్న సెగ మీద కలుపుతూ కాచాలి. తోడు వేస్తే పెరుగు కత్తితో కోసేంత గట్టిగా పేరుకుంటుంది. ఈ పాలు వాడుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి అదే.

ఇప్పుడు ఆ గొర్రె సంగతి. ఒక పక్క పొదుగు గట్టిపడి, పిల్ల ఆ చన్ను వదిలేసిందంటే అది పొదుగువాపు అనే అనుకోవాలి. సూక్ష్మజీవి చేరిన పొదుగులో పాలచక్కెర, పాలలోని ముఖ్య మాంసకృత్తి అయిన కేసిన్ తగ్గుతాయి, రక్తంలోని ఉప్పు పాలలోకి దిగుతుంది. పిల్ల వదిలేయడానికి నొప్పితో తల్లి తన్నడం ఒక కారణమైతే ఆ ఉప్పదనం ఇంకొకటి. ఆ పాలు చిక్కగా కనిపించినా అందులోది చీము కణాల, రక్తపు మాంసకృత్తుల చిక్కదనం. నల్లగుడ్డ మీద మొదటి రెండు ధారలు పిండి చూడండి. రవ్వల్లాంటి ముక్కలు, దారాలు, పసుపు నీరు కనిపిస్తే అనుమానం అక్కరలేదు. పొదుగు చల్లబడి నీలిరంగుకు తిరిగితే ప్రాణానికే ముప్పు, కాబట్టి ఈ రోజే చూపించమన్నాను. ఇంజెక్షన్ వేసిన తర్వాత డాక్టరు చెప్పిన రోజులు పూర్తయ్యేదాకా రెండో చన్ను పాలు కూడా ఇంట్లో వాడకండి. గట్టిపడిన పక్క పాలను నేల మీద పిండకుండా పాత డబ్బాలోకి పిండి గుంతలో పూడ్చండి, ఆ గొర్రెను అన్నిటికన్నా చివర పితకండి, పితికిన చేతులు సబ్బుతో కడుక్కున్న తర్వాతే ఇంకో గొర్రెను ముట్టుకోండి. దాని పిల్లకు అదే రోజుల్లో ఈనిన ఇంకో గొర్రెను మరిపి చూడండి, అది దగ్గరకు రానివ్వకపోతే ఆవు పాలు గోరువెచ్చగా సీసాతో పట్టండి.